కార్ఖానా గడియారంలో ఎనిమిదైంది

భివండి నాగావ్‌లో దేవయ్య కార్ఖానా మూతపడి ఇవాళ్టికి పదకొండు రోజులు. బట్ట నేసే పదహారు సాంచెలు ఒక్క మోత లేకుండా పడున్నాయి. కరెంటు కంపెనీ స్క్వాడ్ వాళ్ళు దిగి, మీటరు ఊడబీకి, డబ్బాలో పెట్టి సీలు వేసి పట్టుకుపోయారు. పోతూ పోతూ చేతిలో ఒక నోటీసు పెట్టారు. ఫలానా తేదీ పొద్దున 7:43కు మీటరు పక్కన బలమైన అయస్కాంతం పెట్టినట్టు మీటరే రాసిపెట్టుకుందట. ఇది కరెంటు దొంగతనమట. కనెక్షన్ దేవయ్య పేరు మీద ఉంది గనుక కేసు కూడా ఆయన మీదేనట. డెబ్బై ఏళ్ళ మనిషి మీద దొంగతనం కేసు!

నోటీసు చదివించుకున్న దేవయ్య ముందూ వెనకా చూడలేదు. ఏడు నలభై మూడంటే రాత్రి పాళీ పనివాళ్ళు ఇంకా దిగని వేళ. ఆ వేళకు కార్ఖానా అంతా జాబర్ చిన్నయ్య చేతిలో ఉంటుంది. కాబట్టి దొంగ చిన్నయ్యే అని తేల్చేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ సాంచెలను బాగుచేస్తూ వాటి నూనెలోనే ముసలివాడైన మనిషిని పదిమందిలో నిలబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టి, బయటికి గెంటాడు. చిన్నయ్య ఒక్క మాట ఎదురు చెప్పలేదు. దేవయ్యను ఒకసారి కళ్ళెత్తి చూసి వెళ్ళిపోయాడు.

ఇదంతా చూసి అరికాలి మంట నెత్తికెక్కింది ఒక్కరికే, ఆ ఇంటి కోడలు నమ్రతకు. భర్త ముఖేష్ నూలు బేరానికి సూరత్ పోయి అక్కడే చిక్కుకున్నాడు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి "నువ్వే జూస్కో" అని చెప్పడం తప్ప అతని వల్ల అయ్యే పనేమీ లేదు. సరే, ఆమే చూసుకుంది. మామ దొంగతనం చేసే మనిషి కాదు, చిన్నయ్య అంతకన్నా కాదు, మరి అబద్ధం ఎవరిది? మీటరుదే అయ్యుండాలి. కార్ఖానా రిజిస్టర్ పద్మానగర్‌లోని తమ ఇంటికి తెప్పించుకుని తిరగేస్తే ఆమెకు ఒక సంగతి దొరికింది. అదే తేదీన లైను మొత్తం పోయి, కాసేపటికి మళ్ళీ వచ్చింది. పోయింది 8:55కు అని రిజిస్టర్‌లో ఉంది. నోటీసుతో ఇచ్చిన కాగితంలో మీటరు 8:35 అని రాసుకుంది. సరిగ్గా ఇరవై నిమిషాలు వెనక! తన టైమే తనకు తెలియని మీటరు, ఎవరు ఎప్పుడు ఏం పెట్టారో చెబుతుందా? దాని గడియారాన్ని నా కళ్ళ ముందే పరీక్ష చేయండి అని ఆమె దరఖాస్తు పెట్టింది.

పెట్టడమంటే మాటలా? కరెంటు ఆఫీసులో ఈ కిటికీ కాదు, ఆ కిటికీ అన్నారు. ఆ కిటికీ ఆయన మరాఠీలో రాసుకురమ్మన్నాడు. రాసుకొస్తే ఆధార్ జిరాక్స్ ఏదన్నాడు. అది తెస్తే, కనెక్షన్ దేవయ్య పేరున ఉంది, మీరెవరన్నాడు. కోడల్ని అంటే నవ్వాడు. కోడలంటే నవ్వెందుకు రావాలో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. నాలుగో రోజు ఆమె ఒక కుర్చీ లాక్కుని ఆ కిటికీకి అడ్డంగా కూర్చుంది. వెనక లైనులో ఉన్నవాళ్ళంతా గోల గోల చేశాక అప్పుడు పడింది ముద్ర.

ఆ పరీక్ష రోజు ఇవాళ. ల్యాబు కాశేలి వంతెన అవతల, ఠాణే పట్నం దిక్కున ఉంది. కాల్హేర్ దగ్గర గోదాముల ట్రక్కులు అడ్డం పడి గంటన్నర ఆటోలోనే గడిచింది. పొగ మింగుతూ, రిజిస్టర్‌ను ఒళ్ళో పెట్టుకుని, "ఇయ్యాల మీ మీటరు సంగతి తేలుస్త" అని ఆమె తనలో తానే పదిసార్లు అనుకుంది.

ల్యాబులో ఆమె కోసం ఎదురుచూస్తున్న ఇంజనీరు పేరు ఓంప్రకాష్. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కన గుమాస్తాలు ఉన్నంతసేపు "మేడమ్, బైఠియే" అని హిందీలో కుర్చీ చూపించాడు. వాళ్ళు చాయ్‌కి లేచిపోగానే గొంతు తగ్గించి తెలుగులోకి దిగాడు.

"అక్కా, మాది గూడ పద్మానగరే. మా నాయిన సుత సాంచెలు నడిపినోడే. నేను అబద్ధం జెప్ప. మషీన్ గూడ అబద్ధం జెప్పది. సీలు జూస్కోండ్రి, మీ మామ సంతకం ఉన్నదా?"

ఉంది. వంకర టింకరగా, సగం గీతలు పేపరు దాటిపోయి, అది దేవయ్య సంతకమే. నమ్రత తలూపాక అతను సీలు తెంచి మీటరును బల్ల మీద పెట్టాడు. బల్ల మీద టిఫిన్ డబ్బా అంత నల్ల పెట్టె ఒకటి ఉంది. దాని నుంచి ఒక తీగ కిటికీలోంచి మిద్దె మీదికి పోయింది.

"ఇదేంది?"

"గడియారం అక్కా. పైన ఉపగ్రహాలు ఉన్నయి గదా, వాటికెల్లి టైం తీస్కుంటది. సెకండును పది లక్షల ముక్కలు జేస్తే ఒక్క ముక్క గూడ అటిటు గాదు."

"ముక్కలెందుకు తమ్మీ, నాకు ఇర్వై నిమిషాలు జాలు" అంది నమ్రత. రిజిస్టర్ తెరిచి, 8:55 ఉన్న చోట వేలు పెట్టి కూర్చుంది. ఇప్పుడు మొహాలు ఎట్లా మాడతాయో చూద్దామని ఆమె ఉబలాటం.

ఓంప్రకాష్ మీటరు మొహానికి ఒక చిన్న కన్నులాంటిది తగిలించి, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. ఒక వరుసలో ఉపగ్రహాల టైము, దాని కింద మీటరు టైము. పైన 11:32:40. కింద 11:32:38.

నమ్రత కళ్ళు నులుముకుంది. "ఇంకోసారి వెట్టుండ్రి."

ఇంకోసారి పెట్టాడు. రెండు సెకండ్లే తేడా. తీసి మళ్ళీ పెట్టాడు. అవే రెండు సెకండ్లు.

"మీ దగ్గర్నే ఉండె గదా పదకొండు దినాలు! మీరే సరిజేసి ఉంటరు!"

"సీలు మీరే జూస్తిరి. గడియారం మారిస్తే మారిచ్చినట్టు గూడ దీంట్ల ఎక్కుతది. అగో, మార్చలే." అతను ఇంకో కాగితం లాగాడు. "ఆ దినం లైను పోయింది గదా? మీ లైన్ వచ్చేది ఏ సబ్‌స్టేషన్‌కెల్లో, ఆడ గూడ ఇసొంటి గడియారమే ఉన్నది. లైను పోయింది 8:35. మీటరు ఎంత రాసింది? 8:35."

"మీటరు మీదే, సబ్‌స్టేషన్ మీదే, ఈ డబ్బా మీదే. అన్ని ఒక్కటై మాట్లాడవా మరి?"

"ఉపగ్రహం గూడ మాదేనా అక్కా?"

ఆ మాటకు నమ్రతకు ఒళ్ళు మండిపోతోంది గాని ఎవరి మీద మండాలో తెలియడం లేదు. నాలుగు రోజులు కాళ్ళరిగేలా తిరిగి, కుర్చీ అడ్డం వేసుకుని, సాధించి తెచ్చుకున్న పరీక్ష ఇది. మీటరు తప్పని తేలాల్సింది పోయి, రెండు సెకండ్ల లెక్కతో ఒప్పని తేలింది. ఆ పక్కన ఉన్న ఇంకో పెట్టెతో మీటరును ఒకే తీగకు కట్టి ఎంత కరెంటు పోతే ఎంత చూపిస్తోందో కూడా ఓంప్రకాష్ కొలిచాడు. అదీ సరిగానే ఉంది.

ఓంప్రకాష్ రిజిస్టర్ వైపు చూశాడు. "అక్కా, అడుగుతున్నందుకు ఏమనుకోకుండ్రి. గీ 8:55 ఏ గడియారం జూసి రాసిండ్రు?"

"కార్ఖానల గోడకు ఉన్నది గదా. ఇంకేం జూస్తరు?"

"అది సరిగ నడుస్తదా?"

నడవదేం అనబోయి నమ్రత ఆగింది. ఆమె పని బిల్లులూ, జీఎస్టీ కాగితాలూ, ఇంట్లో కూర్చుని చేసేది. కార్ఖానాకు పోయినా సాంచెల మోతలో రెండు నిమిషాలు నిలబడి తిరిగి వచ్చేస్తుంది. టైము కావాలంటే ఫోన్ చూసుకుంటుంది. పదేళ్ళుగా ఆ గోడగడియారాన్ని తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఫోన్ తీసి మామకు కలిపింది. కరెంటు లేకపోయినా దేవయ్య రోజూ పోయి ఆ చీకటి కార్ఖానాలోనే కూర్చుంటున్నాడు.

"మామా, గోడ మీది గడియారం ఎంతైతుంది, జర జూసి చెప్పుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"ఎందుకో తర్వాత చెప్త. జూడుండ్రి మీరు."

"పన్నెండుంబావు."

నమ్రత ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. పదకొండు యాభై ఐదు.

"మామా, ఇప్పుడు పన్నెండు గూడ గాలే. మీ గడియారం ఇర్వై నిమిషాలు ముంగట ఉరుకుతుంది."

"ఉరుకుతలేదు, నేనే ముంగట వెట్టిన" అన్నాడు దేవయ్య, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "కార్ఖాన వెట్టిన కాడికెల్లి గంతే. లేకపోతే వీళ్ళు టైముకు వస్తరా? ఎన్మిదంటే ఎన్మిదింబావుకు వస్తరు. గందుకే ఇర్వై నిమిషాలు ముంగటికి జరిపిన."

"మరి నాకెందుకు చెప్పలేదు?" నమ్రత గొంతు ల్యాబంతా మోగింది.

"నువ్వు అడిగినవా? అందరికి ఎరుకే. పాళీ మీదున్నోళ్ళకు ఎరుకే, నూలు బీములు మోసేటోళ్ళకు ఎరుకే, ఆఖరికి ఆ చాయ్ హోటలోనికి గూడ ఎరుకే. కార్ఖాన టైం వేరే, బయటి టైం వేరే. గిదేమన్న కొత్త ముచ్చటనా?"

కార్ఖానా టైము! నమ్రత నెత్తి కొట్టుకుంది, నిజంగానే, అరచేత్తో, ఓంప్రకాష్ చూస్తుండగానే. భివండి మొత్తానికి తెలుసు. ఆ గడియారాన్ని నమ్ముకుని కంపెనీతో కొట్లాడటానికి వచ్చిన పిచ్చిదానికి తప్ప. "నువ్వే జూస్కో" అన్న మొగుడికీ తెలుసు, ఈ రిజిస్టర్ పట్టుకుపోతున్నానని చెప్పినప్పుడు "మంచిగుంది" అని కూడా అన్నాడు! వీళ్ళ టైములు తగలెయ్య! ఆమె ఫోన్‌ను అలాగే బల్ల మీద పెట్టింది. లోపల దేవయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి కట్ చేసింది.

కోపంతోనే రిజిస్టర్ వైపు చూసింది. చూస్తూ ఉండగా ఆమె వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

రాత్రి పాళీ దిగింది ఎనిమిదికి అని ఉంది, ఆ ఎనిమిది పక్కన చిన్నయ్య సంతకం. ఎనిమిదంటే కార్ఖానా ఎనిమిది, అంటే అసలు ఏడు నలభై. అయస్కాంతం వచ్చింది అసలు ఏడు నలభై మూడుకు. అప్పటికే చిన్నయ్య బయట రోడ్డు మీద ఉన్నాడు. ఎవరినైతే దొంగ అని గెంటారో, ఆ మనిషి ఆ వేళకు ఆ గోడల మధ్య లేనే లేడు.

"దొంగ చిన్నయ్య గాదు" అంది ఆమె, ఎవరితోనో తెలియకుండా. ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి అంత మాట పడి వెళ్ళిపోతుంటే, తలుపు దాకా కూడా వెళ్ళకుండా ఊరుకున్నానే అని సిగ్గేసింది. మామను ఆపవలసిన రోజున తాను నోటీసు కోసం కార్ఖానాకు తెచ్చిన బిల్లులు సర్దుతూ నిలబడింది.

ఓంప్రకాష్ ప్రింటర్ నుంచి పొడుగాటి కాగితం లాగి ఆమె ముందు పరిచాడు. "ఇంకొకటున్నది అక్కా. నోటీసుల ఆఖరిది ఒక్కటే రాసిండ్రు గాని, మీటర్ల మొత్తం ఆరు సార్లు ఎక్కింది. నెలకొక్కపారి. అన్ని పొద్దుగాల ఏడు నలభై దాటినంకనే, అరగంట లోపలనే. నేను శాన జూసిన గాని, ఇంత శిస్తుగ వచ్చే దొంగను జూడలే."

నమ్రత తేదీలు చదివింది. మూడోది చూసి ఆగిపోయింది. అది దీపావళి. దీపావళి పొద్దున్నే కరెంటు దొంగిలించేవాడెవడు?

"ఇంకా గమ్మతి ఏందంటే" ఓంప్రకాష్ పక్క వరుస మీద పెన్నుతో గీశాడు, "ఆ అరగంట సాంచెలు నడుస్తనే లేవు. మీటరు పావుగంట పావుగంటకు ఎంత కరెంటు వోయిందో రాస్తది గదా. జూడుండ్రి, ఒక్క బల్బంత గూడ పోలే. కరెంటే వాడకుంట కరెంటు దొంగతనం! నాకైతే సమజ్ గాలే."

నమ్రతకు అర్థమైంది. దీపావళి అమావాస్య. నెలకోసారంటే ప్రతి అమావాస్యా. ముందు రోజు కూర్చుని పదహారు సాంచెలకు పదహారు నిమ్మకాయలు, మిరపకాయలు దారానికి గుచ్చి ఇచ్చేది తనే. రాత్రి పాళీ దిగి పగటి పాళీ ఎక్కే నడుమ సాంచెలన్నీ ఆపి, మామ దీపం పెట్టి ఊదుబత్తీలు తిప్పుతాడని వినడమే గాని ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తీసింది అత్త పోచమ్మ. మామకు అన్నం డబ్బా పట్టుకుని కార్ఖానాకు వచ్చినట్టుంది.

"అత్తా, అమాస నాడు మామ పూజ ఏడ జేస్తడు?"

"ఏడ జేస్తడేంది, మీటర్ కాడ. కరెంటే గదా మనకు అన్నం వెట్టేది. ఆ ఇనుప డబ్బా మీద అమ్మోరి రాగిపటం వెట్టి మొక్కుతడు. సాంచెలు మల్ల చాలు జేసే యాల్లకు తీసి గూట్ల వెడ్తడు."

"ఇనుప డబ్బా మీద పటం ఎట్ల ఆగుతది?"

"మొదట్ల ఆగకుంట జారి పడుతుండె. గందుకే చిన్నయ్య దాని ఎనుక అయస్కాంతం అతికిచ్చి ఇచ్చిండు. ఏందో పాత స్పీకర్ల ఉంటది గదా, గది. కొత్త మీటరు వెట్టినప్పటికెల్లి గట్లనే జేస్తుండు. ఎందుకే గిప్పుడు గీ ముచ్చట?"

నమ్రత కుర్చీలో వెనక్కి వాలిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయస్కాంతం, అయస్కాంతం అని పదకొండు రోజులుగా ఊరంతా మొత్తుకుంటుంటే, ఈ ఇంట్లో ఒక్కరికీ ఆ పటం గుర్తు రాలేదు. ఎందుకు వస్తుంది? వాళ్ళకది అయస్కాంతం కాదు, అమ్మోరు. పైగా మామ పూజ చేసేది ఎనిమిది దాటాక, తన గడియారంలో. నోటీసులో ఉన్నది ఏడు నలభై మూడు. ఆ గడియారంలో ఏడు నలభై మూడుకు ఆయన ఇంట్లో చాయ్ తాగుతూ ఉంటాడు. అందుకే అంత ధీమాగా చిన్నయ్య మీద వేలు చూపించాడు. పాపం, ఆయన అబద్ధమూ ఆడలేదు. తాను ముందుకు జరిపిన గడియారాన్ని తానే నమ్మాడు.

విషయం విన్న ఓంప్రకాష్ మొదట పకపకా నవ్వాడు. తర్వాత ఒక అయస్కాంతం తెచ్చి మీటరు పక్కన పెట్టి చూపించాడు. అంకెలు ఒక్క ముక్క తగ్గలేదు. ఈ రకం మీటరు అయస్కాంతానికి మోసపోదు, వచ్చినట్టు రాసుకుంటుంది అంతే.

"గిది మీకు మంచిదే అక్కా. సాంచెలు బంద్ ఉన్నయి, కరెంటు వోలే, మీటరు తగ్గలే, అమాస తేదీలున్నయి. ఈ రిపోర్ట్‌ల మీ దిక్కు మాట రాసే గడి ఖాళీ ఉన్నది. జరిగింది జరిగినట్టు రాయుండ్రి. నేను నా కొలతలు రాస్త. పైవాళ్ళు మనుషులైతే నమ్ముతరు."

నమ్రతకు ఊపిరి తిరిగింది. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి దాహం వేసినట్టనిపించి గ్లాసెడు నీళ్ళు గటగటా తాగింది. సాయంత్రమే చిన్నయ్య ఇంటికి పోవాలి, మామను వెంటపెట్టుకుని పోవాలి, ఆయన రానంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోవాలి అనుకుంది. కలం కోసం చెయ్యి చాపింది.

అప్పుడు మోగింది ఓంప్రకాష్ ఫోన్. తెర చూసుకున్నాడు. నవ్వు మాయమైంది. ఫోన్‌ను ఆమె ముందుకు జరిపాడు.

స్క్వాడ్ ఆఫీసరు పంపిన ఫోటో. పోలీస్ ఠాణాలో మరాఠీలో రాసిన వాంగ్మూలం. మీటరు మెల్లగా తిరగాలని అయస్కాంతం నేనే పెట్టాను, ఆరుసార్లు పెట్టాను, సేఠ్ దేవయ్యకు ఈ సంగతి ఏమీ తెలియదు, ఆ అయస్కాంతాన్ని కాశేలి ఖాడీ నీళ్ళలో పారేశాను. కింద మరాఠీ కాదు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో సంతకం. రోజూ రిజిస్టర్‌లో చూసే సంతకమే. చిన్నయ్య.

"తలకాయ ఉందా ఈయనకు!" నమ్రత గట్టిగా అరిచింది. "ఏం జేసిండు గీన? ఎవరడిగిండ్రు?"

ఎవరడుగుతారు? ఆరుసార్లని నోటీసులోనే లేదు. అమావాస్యలు లెక్క పెట్టుకుని ఆయనే చెప్పాడు. నోటీసు చదివిన రోజునే ఆయనకు అంతా అర్థమైపోయి ఉంటుంది. తాను అతికించిన అయస్కాంతం, సేఠ్ చేతి పూజ. ఆ రోజు కళ్ళెత్తి మామను చూసింది అందుకే. నోరు విప్పితే మామ దొంగ అవుతాడు. విప్పలేదు, తిట్లు తిన్నాడు, చివరికి ఠాణాకు పోయి దొంగతనం కాని దాన్ని తన నోటితో దొంగతనం చేసిపెట్టాడు. ఆ మంచితనానికి ఏడుపొచ్చింది, ఆ తెలివికి కొట్టాలనిపించింది.

ఓంప్రకాష్ తలుపు వైపు ఒకసారి చూసి మెల్లగా అన్నాడు. "అక్కా, ఉన్నమాట చెప్త. మీరు ఆ గడిల ఏం రాయకుంట సంతకం వెడితే మీ మామ పేరు ఇగ రాది. ఒప్పుకున్నోడు దొరికిండు గదా. ఎల్లుండికల్ల మీ లైను వస్తది. మీరు పూజ అని రాస్తే, పెట్టింది మీ మామ చెయ్యి అని మీరే రాసిచ్చినట్టు. నమ్మితే సరే. నమ్మకపోతే ఆ కాగితమే ఆయన మీద సాక్ష్యం. రాసినంక ఎనుకకు తీస్కునుడు ఉండది."

నమ్రత ఫోన్ తీసింది. ఈసారి దేవయ్యే పలికాడు.

"మామా, గూట్ల పటం ఉన్నదా?"

"ఏడున్నది? ఆ నాడు వోతవోత ఆ దొంగ ముండకొడుకు దాన్ని గూడ ఎత్తుకవోయిండు. అమ్మోరిని గూడ ఇడిసి పెట్టలే వాడు!"

"ఆయన దొంగ గాదు మామా" అంది నమ్రత. మీటరు ఒప్పని, గడియారం తప్పని, ఆరు అమావాస్యలూ మీటరు పక్కన ఉన్నది ఆ పటమేనని, ఆ పటాన్ని కాశేలి ఖాడీలో వేసి చిన్నయ్య ఠాణాలో కూర్చున్నాడని ఒక్కొక్కటే చెప్పింది. "మీ పేరు రావద్దని నేనే పెట్టిన అని రాసిచ్చిండు. జైలుకు వోతుండు మామా, మీకోసం."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు ఖాళీ కార్ఖానాలో మోగింది. సాంచెలు నడుస్తుంటే ఆ చప్పుడు వినబడేది కాదు.

"పటం ఆగుతలేదు, ఏమన్న జెయ్యిరా అని వాన్ని అడిగింది నేనే బిడ్డా" అన్నాడు దేవయ్య. అంతే. ఫోన్ దేనికో తగిలి కింద పడ్డ చప్పుడు. తర్వాత పోచమ్మ గొంతు, ఎగరొప్పుతూ.

"ఏం జెప్పినవే ఆయనకు? చెప్పులు గూడ ఏస్కోకుంట ఠాణకని రోడ్డు మీదికి ఉరుకుతుండు! పిలుస్తుంటే ఆగుతలేడు!"

నమ్రత చెప్పింది. విన్న పోచమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఊకో నమ్రతా. నువ్వేం రాయకు. వాడే ఒప్పుకున్నడు గదా, మనం అడగలే గదా. డెబ్బై ఏండ్ల మనిషిని ఠాణల కూసోవెడ్తవా? నా మాట దాటి రాసినవంటే ఇగ నా ఇంటి గడప తొక్కకు. ఇంటున్నవా?"

వింటోంది. గెంటిన రోజున కూడా ఇలాగే విని ఊరుకుంది. నమ్రత ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది. లోపలి నుంచి పోచమ్మ అరుపు సన్నగా వస్తూనే ఉంది.

"పెన్ను ఇయ్యి తమ్మీ."

ఓంప్రకాష్ ఇచ్చాడు. ఖాళీ గడిలో ఆమె మొట్టమొదట తన మామ పేరు రాసింది.